పేజీకి 40 సెకన్లు: వేగంగా చదవడం వచ్చాక కథలు రుచించని ఒక పాఠకురాలి కేసు

పెద్దవాళ్లకు చదవడంలో, చదివింది అర్థం చేసుకోవడంలో వచ్చే ఇబ్బందుల మీద నేను పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది వేగం పెంచమనే. ఈ కేసు అందుకు పూర్తిగా ఎదురు. ఈమెకు వేగం కావలసినంత ఉంది. చదవడంలో ఉండే సుఖమే పోయింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు ముప్పై దాటింది. ఉద్యోగంలో రోజంతా నివేదికలు, ఒప్పంద పత్రాలు, పొడుగాటి ఈమెయిళ్లు చదివి, వాటి సారం పైవాళ్లకు నాలుగు మాటల్లో చెప్పాలి. చిన్నతనంలో కథల పుస్తకం పడితే పిలిచినా పలికేవారు కాదట. ఉద్యోగంలో పని పెరిగాక, చదవాల్సింది చదవలేక సతమతమై, ఒక స్పీడ్ రీడింగ్ కోర్సు చేశారు. అందులో ముఖ్యంగా నేర్పినవి మూడు: లోపల గొంతు పలకకుండా చదవడం, దాటేసిన లైను మీదికి మళ్లీ పోకపోవడం, చూపుడు వేలిని లైన్ల మీద ఒకే వేగంతో జరుపుతూ కళ్లను దాని వెంట నడిపించడం. ఇవేమీ కొత్తవి కావు. 1959లో అమెరికాలో ఎవెలిన్ వుడ్ మొదలుపెట్టిన కోర్సులనాటి నుంచి కాస్త అటూ ఇటూగా ఇవే చలామణీలో ఉన్నాయి.

ఆ కోర్సు ఆమెకు ఉపయోగపడింది. ఆఫీసు కాగితాల్లో ఏది పనికొస్తుందో, ఏది వదిలేయవచ్చో ఇట్టే పట్టేస్తారు. చిక్కు తర్వాత వచ్చింది. అదే పద్ధతిని నవలలకూ పట్టుకెళ్లారు. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని లక్ష్యం పెట్టుకున్నారు, లెక్కకు ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నారు. లక్ష్యం ఏటా పెరుగుతూ వచ్చింది.

ఏ సమస్యతో వచ్చారు

ఆమె చెప్పిన తీరు ఇది: "కథ తెలుస్తోందండీ. ఎవరికి ఏమైందో, చివరికి ఏం జరిగిందో చెప్పమంటే చెప్పేస్తాను. కానీ పుస్తకం మూశాక నాలో ఏమీ మిగలట్లేదు. ఒకప్పుడు చదువుతూ ఏడ్చేదాన్ని." ఆమెను కలవరపెట్టిన సంఘటన ఒకటుంది. ఒక నవల మూడోవంతు చదివాక గానీ, అంతకుముందే ఒకసారి దాన్ని పూర్తిగా చదివేశానని తెలియలేదట. జ్ఞాపకశక్తి పోతోందేమోనన్న భయంతో వచ్చారు.

ఇలాంటి మాట వినగానే చదివే పద్ధతి మీదికి పోకూడదు. ముందు తోసిపుచ్చాల్సినవి ఉన్నాయి. కళ్ల పరీక్ష చేయించుకుని రమ్మన్నాను, చూపులో లోపం లేదు. నిద్ర బాగానే ఉంది. ఒకప్పుడు ఇష్టమైన పని మీద ఇష్టం పోవడం డిప్రెషన్‌కూ లక్షణం కాబట్టి దాని గురించి నెమ్మదిగా అడిగాను. పాటలు వింటే మునుపటిలాగే బాగుంది, స్నేహితులతో గడిపితే బాగుంది, పొడుగాటి సినిమా మధ్యలో ఫోన్ ముట్టకుండా చూడగలరు. నెలల కిందటి సంభాషణలు మాటకు మాట చెప్పగలరు. సమస్య ఆమె మనసంతటా పరుచుకుని లేదు, పుస్తకం దగ్గరే ఉంది. అది రూఢి అయ్యాకే చదవడం మీద పని మొదలైంది.

కొలిచి చూస్తే తేలింది

మూడు రకాల పాఠాలు ఇచ్చాను. ఆమె వృత్తిలో వచ్చే రకం నివేదిక ఒకటి, ఒక వాదాన్ని మెట్టుమెట్టుగా నిలబెట్టే వ్యాసం ఒకటి, ఇలాంటి పరీక్షల కోసం నేనే రాసుకున్న చిన్న కథ ఒకటి. అన్నీ విడి కాగితాల మీద. ఎలా చదువుతారో అలాగే చదవమని చెప్పి, ఏ కాగితం ఎప్పుడు తిప్పారో పక్కన కూర్చుని రాసుకున్నాను. మొత్తం మీద నిమిషానికి ఎన్ని పదాలన్న లెక్క ఒక్కటే తీసుకుంటే దాని కిందే చాలా సంగతులు కప్పబడిపోతాయి. అందుకే పేజీ పేజీకి విడిగా రాసుకోవడం నా అలవాటు.

నివేదికను ఆమె చదివిన తీరు చూడముచ్చటగా ఉంది. ఏం అడిగినా జవాబు సిద్ధం. వ్యాసంలో ప్రధాన వాదం సరిగ్గా చెప్పారు గానీ, రచయిత మధ్యలో పెట్టిన మినహాయింపు, 'ఫలానా పరిస్థితిలో తప్ప' అన్నది, పూర్తిగా జారిపోయింది. అది లేకుంటే ఆ వాదం అబద్ధమవుతుంది.

కథ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తల్లి పోయిన చాలా రోజులకు కొడుకు ఇంటికి వస్తాడు. తలుపు తీసిన చెల్లెలు "ఇప్పటికి తీరిందా నీకు?" అంటుంది. లోపలికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెస్తుంది. ఒకటి అతని ముందు పెడుతుంది. రెండోది తాగదు. తల్లి కూర్చునే కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ గ్లాసు గురించి కథలో మళ్లీ ఒక్క ముక్క కూడా ఉండదు.

ఏం జరిగిందని అడిగితే ఆమె చక్కగా చెప్పారు. కొడుకు ఆలస్యంగా వచ్చాడు, చెల్లెలికి కోపంగా ఉంది, చివరికి ఇల్లు అమ్మడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్క తప్పు లేదు. నీళ్ల గ్లాసుల గురించి అడిగాను. "నీళ్లు ఇచ్చింది కదా" అన్నారు. రెండో గ్లాసు ఎక్కడ పెట్టిందన్నాను. రెండోది ఉందనే గుర్తు లేదు. ఆ పేజీ చేతికిచ్చి మళ్లీ చదవమన్నాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నా కళ్ల ముందు నుంచే పోయిందా?" అన్నారు.

ఇక పేజీల కాలం. నివేదికలో కొన్ని పేజీలు పది సెకన్లలో అయిపోయాయి, కొన్నింటి దగ్గర నిమిషం పైగా ఆగారు. కథలో మాత్రం ప్రతి పేజీకీ 40 సెకన్లు, రెండు మూడు సెకన్లు అటూ ఇటూ. ప్రయాణం తప్ప ఇంకేమీ జరగని మొదటి పేజీకీ అంతే, గ్లాసు ఉన్న పేజీకీ అంతే. నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఈ ఒక్క గమనికలో ఉంది. ఆమె వేగంగా చదువుతున్నారన్నది నన్ను అంతగా ఆలోచింపజేయలేదు. ఒకే వేగంతో చదువుతున్నారన్నదే అసలు విషయం.

అది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే కళ్లు చదివే పద్ధతి తెలియాలి. అక్షరాల మీద కళ్లు సాఫీగా జారవు, గెంతుతాయి. ఈ సంగతి 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్స్‌లో కంటి వైద్యుడు ఎమిల్ జావాల్ ప్రయోగశాలలో గమనించారు. గెంతుకూ గెంతుకూ మధ్య చూపు సుమారు పావు సెకను నిలుస్తుంది. చదవడమంతా ఆ నిలిచిన క్షణాల్లోనే జరుగుతుంది. బాగా చదివేవాళ్ల కళ్లు కూడా నూటికి పది పదిహేను సార్లు వెనక్కి గెంతుతాయి. స్పీడ్ రీడింగ్ కోర్సులు దీన్ని చెడ్డ అలవాటు అంటాయి. 2014లో పరిశోధకులు ఎలిజబెత్ షాటర్, కీత్ రేనర్‌ల బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. చదివేసిన పదాలు వెంటనే మరుగున పడేలా చేసి, వెనక్కి చూసినా ఏమీ కనపడకుండా చేశారు. అర్థం చేసుకోవడం దెబ్బతింది. వెనక్కి చూడటం అంటే మనసు తన సందేహం తీర్చుకోవడమే. ఆ దారి మూసేస్తే సందేహం తీరకుండా మిగిలిపోతుంది, కొన్నాళ్లకు సందేహం పుట్టడమే మానేస్తుంది. ఈ చివరి వాక్యం మాత్రం నా అనుభవం మీద చెబుతున్నది.

సరదా కోసం చదివేవాళ్ల మీద విక్టర్ నెల్ 1988లో ప్రచురించిన పరిశోధన కూడా నాకు ఇక్కడ దారి చూపింది. పుస్తకంలో మునిగిపోయి చదివేవాళ్ల వేగం ఒకే పుస్తకంలో ఎంతో మారుతుందని, బాగా నచ్చిన పేజీలను నెమ్మదిగా చదువుతారని ఆయన చూపారు. ఈమె కథల దగ్గర పోగొట్టుకున్నది ఆ మారే గుణాన్నే. నివేదికలో అది భేషుగ్గా ఉంది. అంటే సామర్థ్యం ఎక్కడికీ పోలేదు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట వేగం సగానికి తగ్గించి చూశాం. ఇది ఆమె కోరికే. ఖర్చు లేనిది, హాని లేనిది, ఫలితం త్వరగా తెలిసేది కాబట్టి నేనూ సరేనన్నాను. ఫలితం ఇంకా అధ్వానంగా వచ్చింది. వేలు నెమ్మదిగా కదులుతుంటే కళ్లు దాని కోసం కాచుకుని ఉన్నాయి, ఆ ఖాళీలో మనసు ఆఫీసుకు వెళ్లిపోయింది. పేజీ కాలం రెట్టింపైంది గానీ అన్ని పేజీలకూ సమానంగానే రెట్టింపైంది. వేగాన్ని నిర్ణయించేది అప్పటికీ వేలే, కథ కాదు. 'మెల్లగా చదవండి' అన్న సలహా ఇంత తరచుగా విఫలమయ్యేది ఇందుకేనని నా అభిప్రాయం.

తర్వాత, ప్రతి అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నది నాలుగు వాక్యాల్లో రాయించాను. చదివింది మనసులోంచి తిరిగి బయటికి తీసే ప్రయత్నం చేస్తే ఎక్కువకాలం గుర్తుంటుందన్నది గట్టిగా రుజువైన విషయం. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగాలు అందులో ప్రసిద్ధం. ఇక్కడా అలాగే జరిగింది, బాగా గుర్తుండసాగింది. కానీ ఆమె ముఖంలో వెలుగు లేదు. అడిగితే, "రాయడానికి ఏం పనికొస్తుందా అని వెతుక్కుంటూ చదువుతున్నానండీ" అన్నారు. ఆఫీసు పని ఇంటికి వచ్చి కూర్చుంది. అది ఆపేశాం. అయినా దానివల్ల ఒకటి తేటపడింది. గుర్తుండకపోవడం, ఆనందం లేకపోవడం అని రెండు ఫిర్యాదులు ఒకే మూటలో కట్టి తెచ్చారామె. ఒకటి తీరినా రెండోది తీరలేదు కాబట్టి వాటికి మందు కూడా వేర్వేరు. ఆమె నిజంగా కోరుకున్నది రెండోది.

ఆడియోబుక్స్ ఆలోచన కూడా వచ్చింది. ఒకటిన్నర రెట్ల వేగం పెట్టుకునే వింటానని చెప్పడంతో అంతటితో వదిలేశాం.

పనిచేసింది

కొత్త పుస్తకం ఏదీ ముట్టవద్దన్నాను. కోర్సు చేయకముందు బాగా ఇష్టపడిన కథల సంపుటి ఒకటి తెచ్చుకోమన్నాను. తెలిసిన కథ ఎందుకంటే, ఏం జరుగుతుందోనన్న ఆత్రం అందులో ఉండదు. చివరికి చేరాలన్న తొందర దానంతటదే తగ్గుతుంది.

అందులో ఒక్క పేజీ పైకి చదవమన్నాను. పైకి చదివితే వేగం దానంతటదే దిగుతుంది. ఇంగ్లీషు చదివే పెద్దవాళ్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ వేసిన లెక్కలో, మనసులో చదివితే నిమిషానికి సగటున, కథలు కాని పాఠాలైతే 238 పదాలు, కథలైతే 260, పైకి చదివితే 183. (ఈ అంకెలు తెలుగుకు అలాగే వర్తించవు. విభక్తులు, సంధులు కలిసి మన పదం పొడుగ్గా ఉంటుంది, అదే సంగతి తక్కువ పదాల్లో వస్తుంది. తెలుగులో చదువుతూ ఈ అంకెలతో పోల్చుకుని తక్కువైందని బాధపడేవాళ్లను చూశాను, ఆ బాధ అనవసరం.) కానీ నాకు కావలసింది వేగం దిగడం ఒక్కటే అయితే వేలితోనే సరిపోయేది. పైకి చదివేటప్పుడు ఇంకొకటి జరుగుతుంది: గొంతు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు.

దీన్ని ఆమెకు చూపడానికి నా కథలోని చెల్లెలి మాటకు వెళ్లాం. "ఇప్పటికి తీరిందా నీకు?" పైకి చదవబోయి ఆగిపోయారు. కోపంగా అనాలా? అలసిపోయి అనాలా? అన్న వచ్చాడన్న ఊరట కూడా ఉందా? మొదట కోపంగా చదివారు. తర్వాత వచ్చే రెండు గ్లాసుల దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చి, మరోలా చదివారు. మూడోసారి దాదాపు గుసగుసగా. ఈ మూడింటిలో ఏది సరైనదో నేను చెప్పలేదు. ఆమె కళ్లు తమంతట తాము వెనక్కి వెళ్లాయన్నదే నాకు కావలసింది. కోర్సులో అణిచేయమని చెప్పిన లోపలి గొంతు చేసే పని ఇదే. మనసులో చదివేటప్పుడూ అది కొంత పలుకుతూనే ఉంటుంది. దాన్ని నొక్కిపెడితే చిక్కైన వాక్యాల్ని కలిపి అర్థం చేసుకోవడం దెబ్బతింటుందని 1980 నాటి ప్రయోగాలే చూపాయి. సంభాషణలతో నడిచే కథలో ఆ గొంతు లేకపోతే పాత్రలందరూ ఒకేలా మాట్లాడతారు.

ఇంట్లో చేయాల్సింది ఇది: రోజూ మొదటి పేజీ పైకి, మిగతాది మనసులో. చేతిలో పెన్సిలు. వెనక్కి వెళ్లాలనిపించిన ప్రతిచోటా అంచున ఒక చుక్క పెట్టి, వెళ్లి చూసి రావాలి. ఒక్క మాట కూడా రాయకూడదు. రాస్తే మళ్లీ నోట్సు అవుతుంది. పెన్సిలు పట్టుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెన్సిలున్న చేతి చూపుడు వేలు లైన్ల మీద పరిగెత్తలేదు. అలవాటును మానమని చెప్పడం కన్నా, ఆ అలవాటు చేసే చేతికి వేరే పని ఇవ్వడం తేలిక.

మొదట్లో చుక్కలు చాలా తక్కువ. వెనక్కి వెళ్లడమంటే ఓడిపోయినట్టుందని చెప్పారు. కొన్ని వారాలకు చుక్కలు పెరిగాయి. ఇంకొంత కాలానికి అవి కొన్నిచోట్ల గుంపులుగా పడసాగాయి, కొన్ని పేజీల్లో ఒక్కటీ లేదు. ఆ పుస్తకం తెచ్చి చూపినప్పుడు, చుక్కలు గుమిగూడిన చోట ఏముందని అడిగాను. ఆ పాత్ర అబద్ధం చెబుతున్నాడని అక్కడే అనుమానం వచ్చిందన్నారు. కథ ఎక్కడ చిక్కగా ఉందో ఆమె కళ్లు మళ్లీ కనిపెట్టడం మొదలైంది.

అన్నిటికన్నా కష్టమైంది లెక్క మానడం. యాప్ తీసేయమంటే గట్టిగా వాదించారు. ఆ లెక్క ఆమెకు గర్వకారణం, దాన్ని చులకన చేయడం నాకు ఇష్టం లేదు. వృత్తికి సంబంధించిన పుస్తకాలు లెక్కలో ఉంటాయి, కథలూ నవలలూ ఉండవు అన్న ఒప్పందానికి వచ్చాం. దాంతో ఊహించని మార్పు వచ్చింది. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయగలిగారు. అంతవరకు అంకె కోసం పూర్తిచేస్తూ వచ్చారు, లక్ష్యం చేరడానికి పలచటి పుస్తకాలే ఎంచుకుంటూ వచ్చారు. ఇష్టం లేనిదాన్ని త్వరగా ముగించాలనిపించడం సహజం. వేగంలో కొంత భాగం అక్కడి నుంచి వచ్చిందే.

ఆఖర్న, ఏది చదవబోయినా ముందు ఒక ప్రశ్న వేసుకోమన్నాను: ఇందులోంచి నాకేదైనా కావాలా, ఇందులో కాసేపు ఉండాలా? మొదటిదైతే వేలు, రెండోదైతే పెన్సిలు. ఆఫీసు వేగం తగ్గిపోతుందేమోనని ఆమె మొదటినుంచీ భయపడ్డారు. తగ్గలేదు.

మళ్లీ కొలిస్తే

అంతే నిడివి ఉన్న ఇంకో కథ ఇచ్చి, మునుపటిలాగే కాగితాలు తిప్పిన కాలం రాసుకున్నాను. ఒక పేజీ అర నిమిషంలో అయిపోయింది, మొదటిసారి కన్నా వేగంగా. ఒకదాని మీద రెండు నిమిషాలు దాటాయి. ఒకచోట రెండు కాగితాలు వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చారు. ఏం జరిగిందని అడిగితే ఈసారి కథ వరసగా చెప్పలేదు. నాయిక ఒక ఉత్తరాన్ని చదవకుండానే ఎందుకు మడిచి పెట్టిందో తన ఊహ చెప్పి, నేనేమనుకుంటున్నానని ఎదురడిగారు.

దీని నుంచి తీసుకోదగినవి

తోటి శిక్షకులకు నేను మొదట చెప్పేది, పేజీ పేజీకి కాలం రాసుకోండి అని. వాచీ, విడి కాగితాలు ఉంటే చాలు. నిమిషానికి ఎన్ని పదాలన్న అంకె చదువరి గురించి చెప్పేది తక్కువ. ఆ వేగం పాఠాన్ని బట్టి మారుతోందా లేదా అన్నది చాలా చెబుతుంది.

పైపైన చదవడాన్ని తిట్టిపోయకండి. అదొక నైపుణ్యం, ఈమెకు జీవనాధారం. కాకపోతే దాన్ని వేరే పేరుతో అమ్మడం మీద నాకు అభ్యంతరం ఉంది. పరిశోధకులు జస్ట్, కార్పెంటర్ 1980లలో స్పీడ్ రీడింగ్ నేర్చినవాళ్లనూ మామూలుగా చదివేవాళ్లనూ పోల్చి చూస్తే, నేర్చినవాళ్లు తేలిక పాఠాల్లో సారం పట్టుకున్నారు గానీ వివరాల్లో వెనకబడ్డారు. 2016లో రేనర్ బృందం ఈ రంగాన్నంతా సమీక్షించి, అర్థం చెడకుండా వేగం పెరగాలంటే భాష మీద పట్టు, పదసంపద, విషయ పరిజ్ఞానం పెరగాలని, కళ్లకు కసరత్తు నేర్పితే సరిపోదని తేల్చింది. వేగం కావాలని వచ్చేవాళ్లకు నేను ఇదే చెబుతాను, వాళ్లకు నిరాశ కలిగినా సరే.

ఈ పద్ధతి అందరికీ సరిపడదు. ఈమెకు చిన్నప్పటి నుంచీ చదివే అలవాటుంది, పోయినదేమిటో ఆమెకు తెలుసు, తిరిగి గుర్తుపట్టగలిగారు. ఎన్నడూ చదవడంలో సుఖం ఎరగనివాళ్లకు, డిస్‌లెక్సియా (తెలివితేటలతో సంబంధం లేకుండా, పదాలు చదవడంలోనే ఉండే ఇబ్బంది) ఉన్నవాళ్లకు పేజీ కాలం సమానంగా వస్తే కారణం పూర్తిగా వేరే కావచ్చు. అక్కడ చుక్కలూ పెన్సిలూ ఇచ్చి కాలయాపన చేయకూడదు.

ఇంకా తేలనిది ఒకటుంది. కాగితం మీద వచ్చిన మార్పు ఫోన్ మీద రాలేదు. 2018లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను కలిపి చూస్తే, సమాచార పాఠాలు తెర మీద కన్నా కాగితం మీదే బాగా అర్థమవుతున్నాయని, సమయం ఒత్తిడి ఉంటే తేడా ఇంకా పెరుగుతుందని తేలింది. కథల విషయంలో మాత్రం తేడా కనపడలేదు. అందువల్ల ఈమె విషయంలో తప్పు తెరది కాదని, పైకి తోస్తూ పోయే బొటనవేలిదేనని నా అనుమానం. చూపుడు వేలి స్థానంలో అది వచ్చి కూర్చుంది. ప్రస్తుతానికి ఈ-బుక్ యాప్‌లో స్క్రోల్ ఆపించి, పేజీ తిప్పే పద్ధతి పెట్టించాను. ప్రతి పేజీ దగ్గరా తిప్పాలా వద్దా అని ఆమే నిర్ణయించుకోవాల్సి వస్తుంది. వచ్చేసారి కలిసినప్పుడు ఆ పేజీల కాలం కూడా రాసుకుంటాం.